అటు తిరగడం

మలికిపురంలో నాకు మొదట వచ్చిన తెలుగు మాట ఉక్క.
రెండోది, చిల్లర లేదు రేపు రా.

మా ఊళ్ళో ఎండంటే
పీట వేసుకుని కూర్చుని వీపుకి పట్టించుకునేది.
ఇక్కడ వైశాఖంలో రాత్రి రెండింటికి కూడా
ఖాకీ చొక్కా పిండితే గ్లాసుడు నీళ్ళు.
అడబాల సూరాయమ్మ వాకిట్లో నవారు మంచం మీద లేచి కూర్చుని
"నీకు చెమట పట్టడం కూడా రాదురా గూర్ఖా,
తుడుచుకోకూడదు, ఆరనివ్వాలి" అనేది.
పదకొండేళ్ళకి నేర్చుకున్నాను.

నేర్చుకోలేనిది ఎత్తు లేకపోవడం.
మా రోల్పాలో ఆపద పైనుంచి పడుతుంది,
రాయిగానో, మన్నుగానో.
చప్పుడు విని పక్కకి దూకాలి.
ఈ సీమలో నేలంతా అరచెయ్యి.
ఎక్కాలంటే ఏటిగట్టు, హైస్కూలు మేడ,
ఆ పైన కొబ్బరిచెట్టు. అది నాకు రాదు.

ఆ కార్తీకంలో రేడియో రెండు రోజులు వాయుగుండం అంది.
అదేమిటని కిళ్ళీకొట్టు కడలి పల్లయ్యని అడిగితే
"సముద్రానికి కడుపునొప్పి" అని చుట్ట వెలిగించుకున్నాడు.

మా భాషలో హురీ అని ఒక గాలి ఉంది.
ఆరబోసిన మిరపకాయల చాపని ఎత్తుకుపోతుంది,
పొరుగింటివాళ్ళు ఏరి తెచ్చిస్తారు.
నాకు తెలిసిన గాలి అంతవరకే.

సాయంత్రానికి కరెంటు పోయింది.
డ్యూటీ టైముకి కర్ర తీసుకుని బయల్దేరాను,
ఏం చెయ్యను, నెలకి ఇంటికి పది రూపాయలు ఇస్తున్నారు.
రైసుమిల్లు సందు మలుపులో ఈల ఊదాను.
బుగ్గలు నొప్పెట్టాయి, లోపల గింజ తిరిగింది,
చప్పుడు మాత్రం నా చెవిదాకా రాలేదు.
నోటి ముందే ఎవరో ఎత్తుకుపోయారు.
పదకొండేళ్ళలో నేను చూసిన మొదటి దొంగ.

ఆ తర్వాత హైస్కూలు మేడ, ఏడో తరగతి గది,
తొంభైమంది మనుషులు, ఒక దూడ, ఒక కుట్టుమిషను.
కిటికీ చీలికలోంచి టార్చి వేస్తే
కొబ్బరికాయలు అడ్డంగా పోతున్నాయి.
నిలువుగా పడేవి కదా అవి?

తొమ్మిదింటికి అంతా ఆగిపోయింది.
చుక్కలు. కప్ప కూడా అరవలేదు.
హమ్మయ్య అని గడియ తీశాను, కర్ర వెతుక్కున్నాను.
సూరాయమ్మ వెనకనుంచి చొక్కా పట్టుకుంది.
"ఆగరా. అయిపోవడం కాదు ఇది,
అటు తిరగడం."

తిరిగింది.
ఇందాక దక్షిణానికి వంగి బతికిన చెట్లని
ఉత్తరానికి విరిచింది.
వస్తూ వస్తూ ఉప్పునీళ్ళు వెంటబెట్టుకుని వచ్చింది.
మెట్ల మీద కూర్చుని టార్చి వేసి లెక్కపెట్టాను,
నాలుగు, అయిదు, ఆరు.
ఏడో మెట్టు దగ్గర కాసేపు ఆలోచించుకుంది.
దూడ నా భుజం నాకుతూనే ఉంది, ఉప్పు కోసమే కాబోలు.

తెల్లారి నా వీధులన్నీ తిరిగాను.
తాళాలున్నాయి, తలుపుల్లేవు.
పల్లయ్య కొట్టు ఉన్నచోట
సున్నపు డబ్బా ఒకటి, మూత పెట్టినది పెట్టినట్టే.
పల్లయ్య మూడో రోజు దొరికాడు.

పంచాయతీ గుమస్తా బియ్యం జాబితా రాస్తూ నా దగ్గర ఆగాడు.
"గూర్ఖా అని రాస్తే పైవాళ్ళు ఒప్పుకోరు. నీ పేరు?"
ఖిమ్ బహదూర్ రోకా అన్నాను.
అందరూ తలలు తిప్పి చూశారు,
ఊళ్ళోకి ఎవరో కొత్తవాడు వచ్చినట్టు.
"ఇంటి నెంబరు?"
నవ్వొచ్చింది. ఆ పూట ఎవరికుంది గనక.
ఖి బదులు కి రాశాడు. పోనీ అనుకున్నాను.

రాత్రి ఏటిగట్టు మీద ఊరంతా వరసగా పడుకుంది.
కాపలా కాయడానికి ఏమీ లేదు, ఊరికే కూర్చున్నాను.
ఒంటిగంటకి చీకట్లోంచి సూరాయమ్మ గొంతు,
"ఏరా, ఇవ్వాళ ఈల లేదా? నిద్ర పట్టట్లేదు."

ఊదాను. నోరంతా ఉప్పు.

ఇంటికి ఉత్తరం రాయాలి.
హురీ వచ్చింది అని రాస్తే
మిరపకాయలు పోయాయా అని అడుగుతుంది మా ఆవిడ.